పాలకేంద్రంలో ఇంటర్వ్యూ

“నువ్వు వీడియోలు సూస్తాంటే నా పాల వివరాలు కంపెనీకి పోవడంలే. లెయ్యమ్మా తల్లీ!”

పాలకేంద్రం నడిపే వరుణ్ అరుపులకు యమున తల కూడా ఎత్తలేదు. పాలక్యాన్ల మధ్య లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

“వీడియో కాదు సామీ, కోడింగ్ పాఠం. మదనపల్లెలో నాతో చదివినోళ్లు ఇంట్లో మంచం మీద పడుకొనే నేర్చుకుంటాండారు. నాకేమో ఈ పాల కంపు తప్పలే.”

రామసముద్రం దగ్గరి ఆ పల్లెలో సెల్లుకు సిగ్నల్ దొరకదు. పాల కొలతలు పంపే మిషన్ కోసం కంపెనీ వేయించుకున్న లైనే ఊరంతటికీ ఇంటర్నెట్. క్లాసులో ఫస్టొచ్చిన యమున, ఇంటర్వ్యూ మధ్యలో లైను తెగి రెండు ఉద్యోగాలు పోగొట్టుకుంది. ఇప్పుడు కుప్పంలో ఓ సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు పిలిచింది. ఇదీ పోతే చదివిన చదువు అటకెక్కినట్టే.

అరిచాడే గానీ, మర్నాటి నుంచి వరుణ్ ఆమెకు కుర్చీ తుడిచి పెట్టడం మొదలెట్టాడు. ఆమె నవ్వితే పాలు కొలవడం మరిచిపోయేవాడు. మనవాడి పని అయిపోయిందన్నమాట!

ఇంటర్వ్యూ సరిగ్గా పాలు పోసే వేళకే పడింది. బయట వాన. ఆడవాళ్లంతా క్యాన్లతో లోపలికొచ్చి నిలబడ్డారు. మిషన్ లైనంతా లాగేసుకుంటుంటే తెర మీద మేనేజరు బొమ్మ బిగుసుకుపోయింది. యమున కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

వరుణ్ మిషన్‌కున్న నెట్ వైరు పీకేశాడు. తెర మీద బొమ్మ మళ్లీ కదిలింది.

“పాలెట్లప్పా?” అంది పాలు పోయడానికొచ్చిన సిద్దమ్మ.

“అర్ధగంట ఆగమ్మా. కంపెనీవాళ్లు తిడితే నేను పడతా.”

“నిన్నెవురు తిడతారో మేం సూస్తాం. మా బిడ్డ ఉద్యోగమిది. ఎవురూ నోరు మెదపొద్దండి!”

అందరూ మెదలకుండా నిలబడ్డారు. ఎవరి వెంటో వచ్చిన దూడ మాత్రం “అంబా” అంది.

“ఎక్కడున్నారు మీరు?” అడిగింది మేనేజరు.

“పాలకేంద్రంలో మేడమ్. మా ఊళ్లో నెట్ ఇక్కడే ఉంది. నేను నేర్చుకున్నదంతా ఇక్కడే.”

తడబడకుండా చెప్పి, అడిగిన ప్రోగ్రామును యమున ఆమె కళ్లముందే రాసి నడిపించింది.

“సోమవారం వచ్చి చేరండి.”

పాలకేంద్రం ఈలలతో దద్దరిల్లింది. యమునను ఆడవాళ్లు ఎత్తి తిప్పారు.

ఆదివారం పుంగనూరు బస్టాండులో కుప్పం బస్సెక్కించడానికి వరుణ్ వచ్చాడు. ఆమె సంచి సీటు మీద పెట్టి కిందికి దిగాడు.

“ఇంక నీకు నెట్‌కు కొదవలే. మేం యాల గుర్తుంటాం?”

యమున కిటికీలోంచి అతని చెయ్యి పట్టుకుంది.

“ఇన్నాళ్లూ నెట్ కోసం వచ్చినా. ఇంకమీద నీకోసమే వస్తా. వచ్చే ఆదివారం మీ అమ్మను మా ఇంటికి పంపించు.”

బస్సు కదిలింది. వరుణ్ వెంట పరిగెత్తాడు.

“ఆదివారం దాకా యాల? రేపే పంపిస్తా!”

బస్సంతా నవ్వింది. యమున మాత్రం సిగ్గుతో కొంగులో ముఖం దాచుకుంది.