తలకిందుల తులిప్ మీద ఫిర్యాదు

ఫెరాయె నా దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని, తన మీద ఫిర్యాదు రాసినవాడెవడో గాని వాడి చెయ్యి పడిపోను అని తిడుతుంటే, ఆ చేత్తోనే నేను ఆమెకు టీ అందించాను.

టర్కీలోని ఎదిర్నెలో సెలిమియే మసీదు కింది బజారు మాది. నేను పళ్ల ఆకారంలో సబ్బులు అమ్ముతాను. ఆమె టూరిస్టులకు మసీదు చూపిస్తుంది. లోపల పాలరాతి స్తంభం మీద తలకిందులుగా చెక్కిన తులిప్ పువ్వొకటి ఉంది. పూర్వం ఆ స్థలం ఒక ముసలావిడ తులిప్ తోటట. మసీదుకు ససేమిరా ఇవ్వనందట. ఆ మొండితనానికి గుర్తుగా పువ్వును తిరగేసి చెక్కారని గైడ్లందరూ చెప్పేదే ఫెరాయె కూడా చెప్పేది.

వచ్చిన చిక్కల్లా మా నానమ్మతోనే. ఆ ముసలావిడ మా వంశంలో మనిషని ఆమె నమ్మకం. రుజువేమిటంటారా? నానమ్మ చెప్పడమే రుజువు. ఒక శుక్రవారం మసీదుకు వెళ్లి, "మొండి ముసలిది" అన్న మాట ఫెరాయె నోట విని, ఇంటికొచ్చి నాచేత టూరు కంపెనీకి ఉత్తరం రాయించింది. అప్పటికి ఫెరాయె ఎవరో నాకు తెలియదు. గుండ్రటి అక్షరాలతో ముచ్చటగా రాసిచ్చాను. నా ఖర్మ.

ఇంకో ఫిర్యాదు వస్తే ఉద్యోగం ఊడుతుందని కంపెనీవాళ్లు ఆమెను హెచ్చరించారు. ఆ ఉక్రోషం వెళ్లగక్కడానికే ఆమె నా దుకాణం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి ఆమె రాని రోజు నాకు రోజులా ఉండేది కాదు.

చెప్పకపోతే దొంగనవుతాను. చెబితే ఆమె దక్కదు. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం నోరు తెరిచాను.

"ఆ ఉత్తరం రాసింది నేనే."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "నెల రోజులు నా తిట్లన్నీ వింటూ టీ పోశారా?"

"ఇంకా తిట్టండి. రావడం మాత్రం మానకండి."

గొడుగు కూడా విప్పకుండా వెళ్లిపోయింది. వారం రోజులు ఇటు తొంగి చూడలేదు.

ఫిర్యాదు వెనక్కి తీసుకోమని నానమ్మను కాళ్లావేళ్లా పడి బతిమాలాను. ఒప్పుకోలేదు. నాకెంతో ఇష్టమైన కార్జం వేపుడు ముందు పెడితే నేను ముట్టనైనా లేదు. ఇది ఉత్తరం గొడవ కాదని అప్పుడు ఆమెకు తెలిసింది. ఆ పిల్ల ఏం చెబుతుందో ఇంకోసారి విందాం పదరా అని లేచింది.

స్తంభం చుట్టూ గుంపు. ఫెరాయె నన్ను చూసింది, నానమ్మను చూసింది, కాస్త తడబడింది.

"ఆవిణ్ణి మొండిదంటారు. నేనూ అనేదాన్ని. ఒక్కో తులిప్ దుంపా తన చేత్తో నాటుకున్న తోట అది. అడగ్గానే ఇవ్వనంటే మొండితనం ఎలా అవుతుంది?"

నానమ్మ కళ్లు తుడుచుకుంది. గుంపును తోసుకుంటూ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. మనవడిచేత ఉత్తరం రాయించింది తనేనని, రేపే వెనక్కి తీసుకుంటానని చెప్పింది.

"వీణ్ణేమీ అనకు తల్లీ."

"అడక్కుండానే తనే నిజం చెప్పాడు. అందుకే ఎంత ప్రయత్నించినా కోపం నిలవడం లేదు."

"అయితే ఆ తోట కథ ఇలాగే నాకు రోజూ చెప్పాలి. ఇంతమందిలో నిలబడి వినడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు."

"రోజూ అంటే మీ ఇంట్లోనే ఉండాలి, నానమ్మా." ఫెరాయె నావైపు తిరిగింది. "మీ మనవడు ఇంకా అడగనేలేదు."

మసీదులో గట్టిగా మాట్లాడకూడదు. గొంతు తగ్గించే అడిగాను. అయినా గుంపంతా వింది. ఆమె సరేనన్నది మాత్రం నాకొక్కడికే వినిపించింది.