వాన లేని వరద

రాజం వల విసిరితే ప్రాణహితలో చేప తప్పించుకోలేదని సిరొంచలో పేరు. ఆ పేరును నెత్తిన పెట్టుకునే అతను సముద్రానికి బయలుదేరాడు.

తెల్లదొరలు గోదావరి మీద పడవలు నడపాలని కాలువలు తవ్విస్తున్న రోజులవి. రాజం తండ్రి టేకు దుంగలను తెప్పగా కట్టి, నీటివాలున సముద్రం దాకా దించేవాడు. ఆ ఏడు కార్తీకంలో సముద్రస్నానం చేయాల్సిందేనని తల్లి కనకవ్వ పట్టుబట్టడంతో ఇంటిల్లిపాదీ తెప్పెక్కారు. దుంగలు అప్పగించాక, పల్లెకారుల వాడ పక్కన ఇసుకలో తాటాకుల పాక వేసుకుని ఎనిమిది రోజులు ఉండాలని అనుకున్నారు.

మొదటి రోజే రాజం మోకాటిలోతు నీళ్లలోకి దిగాడు. అలవాటుగా దోసిలి పట్టి తాగబోయి ఉమ్మేసిన సంగతి ఎవరూ చూడలేదనుకున్నాడు. మూడు విసుర్లకే రెండు పండుగప్పలు పడ్డాయి, ఒక్కొక్కటీ మోచెయ్యంత పొడుగు. గుండె ఎగిరి గంతేసింది. వాటిని వెదురు బుట్టలో వేసి, బుట్టను నీటి అంచున పెట్టి మళ్లీ వల అందుకున్నాడు.

"బుట్ట పైకి జరుపుకోండి. నీళ్లొస్తాయి," అంది వెనక నుంచి ఒక గొంతు.

తిరిగి చూస్తే ఒక అమ్మాయి, చిరిగిన వలను ఒళ్లో పెట్టుకుని బాగుచేస్తోంది. పడవ నడిపే కొండయ్య కూతురు దుర్గమ్మ. రాజం తలెత్తి ఆకాశం చూశాడు. మబ్బు తునకైనా లేదు.

"వాన లేంది వరద ఎట్లొస్తది? పుట్టిన కాన్నుంచి ఏట్లనే ఉన్న. నాకు జెప్తవా?"

"ఆయ్, మీ ఇష్టం," అని ఆమె పనిలో పడింది. నవ్వును మాత్రం దాచుకోలేదు.

ఇంకో నాలుగు విసుర్లయ్యేసరికి నీళ్లు నడుముకొచ్చాయి. తిరిగి చూస్తే బుట్టా లేదు, బుట్ట పెట్టిన ఇసుకా లేదు. అల్లంత దూరాన బుట్ట తలకిందులుగా తేలుతూ పోతోంది. దుర్గమ్మ వల పక్కన పడేసి పొట్ట పట్టుకుని నవ్వింది. రాజానికి కోపం రావాలి. చిత్రంగా, ఇంకాసేపు నవ్వితే బాగుండుననిపించింది.

మిగతా ఏడు రోజులూ ఆమె చెప్పింది, అతను విన్నాడు. సముద్రం రోజుకు రెండుసార్లు ముందుకొస్తుందనీ, దాన్ని పోటు అంటారనీ చెప్పి, పోటు వెనక్కి తీసేటప్పుడు ఏ గుంటలో చేప చిక్కుతుందో కూడా నేర్పింది. వాడంతా అతన్ని బుట్టబాబు అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పేరు పెట్టింది ఎవరో వేరే చెప్పాలా?

వెళ్లే రోజు దుర్గమ్మ అడిగింది, సిరొంచ ఎంత దూరమని. అడగాల్సిన మాట రాజం గొంతు దాకా వచ్చింది. కానీ బయటికొచ్చింది వేరే.

"ఎదురేటికి నెల దినాలు," అన్నాడు. అంతే.

ఆ ఒక్క ముక్కకు ఏడాది పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు.

మరుసటి ఏడు వానలు తగ్గి ఏరు దిగుతున్న రోజుల్లో, కాలువ పనుల సామానుతో కొండయ్య పడవ సిరొంచ చేరిందని కబురు. రాజం పరుగెత్తాడు. పడవ సగం ఇసుక మీద కూర్చుని ఉంది. దాని అంచున దుర్గమ్మ కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. పక్కన రాజం వెదురు బుట్ట.

"మర్నాడే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఇచ్చిపోదామని తెచ్చాను," అంది. సామాను అప్పగించడానికి నాన్న దొర కచేరికి వెళ్లాడనీ, రేపు పొద్దున్నే తిరిగి ప్రయాణమనీ చెప్పింది.

"పడవ ఒడ్డెక్కింది గద?"

"సాయంత్రం పోటొస్తుందిగా. అదే లేస్తుంది."

రాజం ఏటి వైపు చూశాడు. ఇక్కడ పోటెక్కడిది? ఇంకో రెండు రోజులు గడిస్తే ఈ పడవ మళ్లీ వానల దాకా కదలదు. తను నోరు మూసుకుంటే చాలు, ఏడాదంతా ఆమె ఇక్కడే. మూసుకున్నాడు కూడా. అంతలో బుట్ట కంటపడింది. ఆ రోజు నీళ్లొస్తాయని ఆమె చెప్పింది. వినకపోవడం తన తప్పే కానీ, ఆమె చెప్పింది.

"దుర్గమ్మా, మా ఏట్ల పోటు రాదు. నీళ్లు దిగుడే గని ఎక్కుడు లేదు. నలుగురం నూకితే గిప్పుడే దిగుతది," అన్నాడు నేల చూస్తూ.

"తెలుసండి."

"ఎరికుండి ఎందుకు గిట్ల కూసున్నవ్?"

"నాన్న నిన్న లోతులోనే కట్టాడు. నేనే తాడు లాగి ఒడ్డుకు బిగించాను. నీళ్లు దిగాయి, పడవ కూర్చుంది." ఆమె గొంతులో నవ్వు పోయింది. "పోయినేడు ఎంత దూరమో చెప్పారు గానీ, రమ్మనలేదు. ఈసారైనా అంటారేమోనని."

"ఈడనే ఉండు," అన్నాడు రాజం ఒక్క గుక్కలో. "నన్ను చేసుకో. ఏడాది సంది మనసంత పరేషాన్ ఉంది."

ఆమె జవాబు చెప్పేలోపే కొండయ్య వచ్చాడు, అతని వెనకే కనకవ్వ. ముప్పై ఏళ్లుగా పడవ నడుపుతున్న కొండయ్య బిగించిన తాడును చూశాడు, కూతురి ముఖం చూశాడు. ఇది నీళ్లు చేసిన పని కాదన్నాడు. కనకవ్వ మాత్రం బుట్టనే చూసింది, అది ఆమె చేత్తో అల్లింది.

"అన్నా, పోయిన బుట్టను గింత దూరం తెచ్చిచ్చిన పిల్లను ఒట్టిగ పంపబుద్ధి అయితలేదు. నీ బిడ్డను మా ఇంటికియ్యి," అంది.

కొండయ్య కూతురి వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది, కానీ కాదనలేదు. ముందు పడవ దింపండి అని గొణిగి, తాడు విప్పి, అతను భుజం ఆనించాడు. దుర్గమ్మ కూడా చెయ్యి వేయబోయింది.

"నువ్వు తొయ్యక్కర్లేదులే," అన్నాడు కొండయ్య. "ఇక నీది ఈ ఒడ్డేగా."

ఆ మాట వినగానే రాజం పట్టరాని ఉత్సాహంతో ఒక్క తోపు తోశాడు. పడవ జర్రున జారి నీళ్లలో పడి, తన దారిన తాను పోసాగింది. తాడు విప్పేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చి, రాజం బట్టలతోనే ఏట్లోకి దూకాడు.

ఒడ్డున దుర్గమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఈదుతూనే వెనక్కి తిరిగి, ఆ నవ్వు ఇంకా అక్కడే ఉందో లేదో చూసుకున్నాడు రాజం. ఉంది.