అమ్మాయికి చెప్పకు

ఆదివారం ఉదయం ఏడున్నరకు ఆ ఇంట్లో ముగ్గురూ మూడు పనుల్లో ఉన్నారు. అల్లుడు బాల్కనీలో కూర్చుని బూట్లకు పాలిష్ వేస్తున్నాడు. మామగారు బాత్‌రూమ్ అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. కూతురు భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, పక్కన కాఫీ పెట్టుకుని, బూజు దులుపుతున్నంత పట్టుదలగా ఒక్కో అకౌంటూ మూసేస్తోంది.

"ఇవాళ దేనికి మూడింది?" అన్నాడు భర్త, బ్రష్షు ఆపకుండా.

"నాన్న గదిలో ఉన్న మాట్లాడే స్పీకర్‌కి."

"అయ్యో పాపం! ఈ ఇంట్లో నా మాట వినేది అదొక్కటే."

ఆమె ఒక ఆస్పత్రి రికార్డుల విభాగంలో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ఒకరి ఫైలు ఇంకొకరి కంట పడకుండా చూడటమే ఆమె ఉద్యోగం. రెండు నెలల క్రితం ఒక శిక్షణ తరగతికి వెళ్ళొచ్చిన రోజున, తన ఇంటి సంగతులు ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకుంది. ఉత్తరాలు, ఫోటోలు, వెళ్ళిన దారులు, భర్త డ్రైవింగ్ స్కూల్ క్లాసుల పట్టిక, నాన్న మందుల వేళలు, అన్నీ ఒకే పెద్ద కంపెనీ దగ్గర ఉన్నాయి. "మనింటి తాళాలన్నీ బయటివాడి జేబులో పెట్టి మనం హాయిగా నిద్రపోతున్నాం" అంది భర్తతో.

అప్పటినుంచి ఆదివారానికి ఒకటి చొప్పున మారుస్తోంది. ఉత్తరాలు చదవని చిన్న కంపెనీకి ఈమెయిల్ మారింది. ల్యాప్‌టాప్‌లోకి ఏ ఒక్క కంపెనీకీ చెందని లినక్స్ వచ్చింది. ఫోటోలు చెప్పుల అరమర పక్కన పెట్టిన చిన్న యంత్రంలోకి చేరాయి. క్లాసుల పట్టిక మార్చేటప్పుడు గంట తేడా వచ్చి ఒకే కారు దగ్గరికి ఇద్దరు విద్యార్థులు వచ్చారు. "ఒకరు స్టీరింగ్ నేర్చుకోండి, ఒకరు బ్రేకు నేర్చుకోండి అని సర్దిచెప్పాను" అన్నాడు భర్త. విసుక్కుంటూనే అలవాటు పడ్డాడు.

మామగారే లొంగలేదు. నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. అందరూ లిఫ్టు మేస్త్రి అనే పిలిచేవారు. భార్య పోయాక మూడేళ్ళుగా కూతురి దగ్గరే ఉంటున్నారు. పగలంతా ఒంటరిగా ఉంటారని కూతురే ఆ స్పీకర్ కొనిచ్చింది. ఇప్పుడు తనే తీసేస్తానంటోంది.

"అది నువ్వన్న ప్రతి మాటా రికార్డు చేసి పంపిస్తుంది నాన్నా."

"పంపించనీ. లిఫ్టుల గురించి విని వాళ్ళయినా బాగుపడతారు" అనేవారాయన. నెల రోజులు పోరితే చివరికి, "సరే, నీ ఇష్టం" అన్నారు ముభావంగా.

అకౌంటు మూసేముందు అందులో ఉన్నదంతా ఒక కాపీ పంపమని ఆమె కంపెనీని అడిగింది. అది ఆ ఉదయమే వచ్చింది. తెరిచి చూస్తే తేదీలవారీగా వేల చిన్న చిన్న ధ్వనులు. సరిగా వచ్చాయో లేదో చూద్దామని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకటి నొక్కింది.

"ఇవాళ ఏ వారం?" నాన్న గొంతు.

"ఇవాళ మంగళవారం" అంది యంత్రం.

తరువాతది నొక్కింది. అదే రోజు, ఇరవై నిమిషాల తరువాత. "ఇవాళ ఏ వారం?" ఇంకొకటి. "నేను స్టవ్ కట్టేశానా?" ఇంకొకటి. "మనుషుల పేర్లు మర్చిపోతుంటే అది ఏ జబ్బు?" మరొకటి, గొంతు తగ్గించి, "పేర్లు ముందు పోతాయా, మొహాలు ముందు పోతాయా?"

కాఫీ మీద మీగడ కట్టింది. బాత్‌రూమ్‌లో కుళాయి చప్పుడు ఆగింది. ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు, ఇంకొకటి నొక్కింది.

"ఇదిగో, ఇవేవీ అమ్మాయికి చెప్పకు. దానికసలే పని ఎక్కువ."

"క్షమించండి, అది నాకు అర్థం కాలేదు" అంది యంత్రం.

ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. మధ్యాహ్నానికల్లా స్టవ్ పైన గోడకు 'కట్టేశారా?' అని ఒక కాగితం అతికించింది. మందుల డబ్బా అరల మీద వారాల పేర్లు రాసింది. సోమవారం ఆస్పత్రిలో ఒక డాక్టర్‌గారి దగ్గర సమయం తీసుకుంది. మంగళవారం ఉదయం టిఫిన్ దగ్గర, మాట వరసకన్నట్టు ఎత్తింది.

"నాన్నా, రేపు పదకొండింటికి డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

"దేనికి?"

"ఊరికే. మామూలు చెకప్."

"ఏ డాక్టరు?"

ఆమె తడబడింది. "నరాల డాక్టరు."

ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టారు. "స్టవ్ దగ్గర కాగితం చూశాను. మందుల డబ్బా చూశాను. నీకెవరు చెప్పారు బుల్లీ?"

"ఎవరో చెప్పాలా? నేను చూడట్లేదా నాన్నా?"

"ఎనిమిదింటికి పోయి ఆరింటికి వస్తావు. నువ్వేం చూస్తావు? ఈ సంగతి నేను ప్రాణమున్న ఒక్క మనిషికీ చెప్పలేదు. ప్రాణం లేనిదానికే చెప్పాను."

అల్లుడు నములుతున్నది ఆపేశాడు. ఆమె తల వంచుకుంది.

"విన్నావా?"

"కాపీ సరిగ్గా వచ్చిందో లేదో అని..."

"ఎన్ని విన్నావు?"

"చాలా."

ఆయన మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెరగలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"బయటివాళ్ళు వింటున్నారని ఇల్లంతా తలకిందులు చేశావు. వాళ్ళెవరో నాకు తెలీదు, నేనెవరో వాళ్ళకు తెలీదు. వాళ్ళు వింటే నాకేం సిగ్గమ్మా? నువ్వు వింటే సిగ్గు."

"నీ కోసమే కదా నాన్నా!"

"నా కోసమే అయితే నన్నడగాలి. నేను లేనట్టు నా వెనకాల ఏర్పాట్లు చేస్తారా? ఇంకా ఉన్నాను కదా!"

లేచి గదిలోకి వెళ్ళి, స్పీకర్ వైరు పీకి తెచ్చి కూతురి పళ్ళెం పక్కన పెట్టారు. "తీసుకో. నీకు కావాల్సింది ఇదేగా." గది తలుపు మెల్లగా మూసుకుంది.

డాక్టర్ దగ్గరికి ఆయన రాలేదు. రెండు రోజులు అడిగినదానికి ఊ, ఆ తప్ప మాట లేదు. పగలు ఆ గదిలో ఎవరితో మాట్లాడుతున్నారో, అసలు మాట్లాడుతున్నారో లేదో అన్న ఆలోచన ఆఫీసులో ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

గురువారం ఉదయం భర్త ఆమెను కారులో ఆస్పత్రి దగ్గర దింపుతూ ఇంజిన్ ఆపాడు. "పోయినేడు మీ రూంలో ఒకావిడ తన ఆడపడుచు ఫైలు తెరిచి చదివిందని కంప్లయింట్ రాసింది నువ్వేగా?"

"అది వేరు."

"ఏం వేరు? ఆవిడా ప్రేమకొద్దీ చూశాననే అంది."

ఆమె సీటు బెల్టు విప్పుకుంది. "నేనేం నిన్ను తప్పుపట్టట్లేదే. నేనైనా వినేవాణ్ణే. కానీ తప్పయిందన్న మాట మావయ్యగారికి ఎవరో ఒకరు చెప్పాలిగా" అన్నాడు మెత్తగా.

ఆ సాయంత్రం ఆమె త్వరగా ఇంటికొచ్చి నాన్న గది తలుపు తట్టింది. రమ్మనేదాకా బయటే నిలబడింది. లోపలికి వెళ్ళి ఆయన అరచేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టింది.

"కంపెనీ దగ్గరున్నవి చెరిపేయమన్నాను. చెరిపేశామని జవాబొచ్చింది. నా ల్యాప్‌టాప్‌లోవీ తీసేశాను. ఇక మిగిలింది ఇదొక్కటే. ఇది నీది, ఏం చేసుకున్నా నీ ఇష్టం." కాస్త ఆగింది. "మొదటిది కాపీ వచ్చిందో లేదోనని విన్నాను నాన్నా. రెండోదాని నుంచి కావాలనే విన్నాను. తప్పు చేశాను."

ఆయన పెన్‌డ్రైవ్‌ను వేళ్ళ మధ్య చాలాసేపు తిప్పారు.

"లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్ళు ముందు ఏం చేస్తారో తెలుసా? ఫోన్ చెవిదగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తారు. భయపడుతున్నట్టు పక్కవాడికి తెలియకూడదని. నేను తలుపు తీసేసరికి ఎంతమందిని చూశానో! చివరికి నేనూ అదే చేశాను." మంచం మీద పక్కకు జరిగారు. "కూర్చో. విన్నదేదో విన్నావు. మిగతాది నేనే చెప్తాను."

చెప్పారు. ఎనిమిది నెలల క్రితం మొదలైందట. ముందు వీధి పేర్లు పోయాయి. తరువాత కలిసి పనిచేసినవాళ్ళ పేర్లు. "ఒకరోజు మీ అమ్మ పేరు రాలేదే. పది నిమిషాలు. ఫోటో ముందు నిలబడి ఎంత తన్నుకున్నా రాలేదు." "ఆ తరువాత వరుసలో ఉన్నది నువ్వే కదా అనిపించింది. అది నీతో ఎలా చెప్పను?"

ఆమె ఆయన భుజానికి తల ఆనించి చిన్నపిల్లలా ఏడ్చింది. ఆయన ఆమె వీపు నిమురుతూ ఉండిపోయారు. చాలాసేపటికి, "ఆ డాక్టరు మళ్ళీ ఎప్పుడుంటాడు?" అని అడిగారు. "లోపలికి మాత్రం నేనొక్కణ్ణే వెళ్తాను. పిలిస్తే రా."

వెళ్ళారు. పావుగంట తరువాత పిలిచారు కూడా. రక్తపరీక్షల్లో థైరాయిడ్ బాగా తగ్గి ఉందని తేలింది. భార్య పోయినప్పుడు మొదలుపెట్టిన నిద్రమాత్ర ఇన్నాళ్ళూ వేసుకుంటూ ఉండటమూ ఒక కారణమట. కొంత వయసు వల్ల. "భయపడాల్సిన జబ్బు ఇప్పటికైతే కనిపించడం లేదు. ఆరునెలలకు మళ్ళీ చూద్దాం" అన్నారు డాక్టర్. ఇంటికొచ్చే దారిలో ఆయన కారు కిటికీ దింపి, వచ్చిన ప్రతి వీధి పేరూ పైకి చదివారు. రెండు మూడు చదవకుండానే చెప్పారు.

ఆ ఆదివారం ఆమె ఈసారి ముందే అడిగింది. "నాన్నా, నీకు మాట్లాడే పెట్టె కావాలా, వద్దా?"

"కావాలి. కానీ నేనన్నది ఈ ఇంటి గడప దాటకూడదు."

"అలాంటిది ఒకటుంది. ఓపెన్ సోర్స్. మన పాత కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఎలా తయారైందో ఎవరైనా లోపల చూడొచ్చు, మార్చుకోవచ్చు."

"లోపల చూడొచ్చా?" ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! మూత తియ్యనివ్వని యంత్రాన్ని నేనెప్పుడు నమ్మాను? నువ్వు తెచ్చావని ఊరుకున్నాను గానీ."

మూడు ఆదివారాలు పట్టింది. ఆమె తెర మీద ఆదేశాలు రాస్తే, ఆయన పాత రేడియో పెట్టెలో మైకు, స్పీకర్ అమర్చి సోల్డరింగ్ చేశారు. విన్న మాటలు దాచుకోవాలా అని ఒకచోట అది అడిగింది. ఆయనే వంగి, 'వద్దు' అన్న చోట వేలితో గట్టిగా నొక్కారు. కొన్నదానంత తెలివి దీనికి లేదు. పాట అడిగితే టైం చెప్పింది. "అచ్చం నా స్టూడెంట్లే. ఎడమంటే కుడికి పోతుంది" అన్నాడు అల్లుడు. "నేర్చుకుంటుందిలే. మీ స్టూడెంట్లకంటే ముందే" అన్నారు మామగారు. ముగ్గురూ నవ్వారు.

రెండు నెలల తరువాత ఒక సాయంత్రం, ఎవరో తలుపు తట్టారు. నెరిసిన మీసాలతో, ఆయన వయసే ఉన్న మనిషి. ఇరవై ఏళ్ళు ఆయనతో కలిసి లిఫ్టుల మీద పనిచేసినవాడు. వంటింట్లో కాఫీ కలుపుతున్న కూతురు చెయ్యి ఆపి తొంగి చూసింది. నాన్నకు గుర్తొస్తాడో లేదో, గుర్తురాకపోతే ఎలా కప్పిపుచ్చుకుంటారో అనుకుంది. వెళ్ళి సాయం చేద్దామని ఒక అడుగు వేసి, ఆగిపోయింది.

"ఒరేయ్, నువ్వా!" నాన్న గొంతు గట్టిగా వినపడింది. "మొహం గుర్తుంది, నీ ఎడమచేతి వాటం గుర్తుంది. పేరే రావట్లేదు. ముందు పేరు చెప్పి ఆ తరువాత కూర్చో."

వచ్చినాయన పగలబడి నవ్వాడు. "బతికించావురా బాబూ! మెట్లెక్కుతూ నేనూ నీ పేరే వెతుక్కుంటున్నాను. మేస్త్రీ అని పిలిచి నెట్టుకొద్దామనుకున్నా!"

ఇద్దరి నవ్వూ హాలంతా నిండింది. ఆమె కళ్ళు తుడుచుకుని, కాఫీలు తీసుకెళ్ళి ఇచ్చి, పలకరించి వచ్చింది. కాసేపటికి నవ్వులు తగ్గాయి. కుర్చీలు దగ్గరికి జరిగిన చప్పుడైంది. "అసలు నీకెప్పుడు మొదలైందిరా?" అని నాన్న మెల్లగా అడుగుతున్నారు.

ఆమె చప్పుడు చెయ్యకుండా వంటింటి తలుపు దగ్గరికి వేసి, కుళాయి తిప్పింది.