కాగితం పూల చెట్టు పక్కన

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తింటూ ఉండగానే లారీ వచ్చి వాళ్ల మొక్కల నర్సరీ గేటు ముందు ఆగింది. హేమశ్రీ గబగబా చెయ్యి కడుక్కుని, నాన్న కొత్త ఫోన్ పట్టుకుని బయటికి పరుగెత్తింది. వెనకాలే వాళ్లమ్మ రామతులసి కేకలు. లారీ వెనక్కి వస్తుంది, దూరంగా ఉండమంది. కుండీల మధ్య పాములుంటాయి, చెప్పులు వేసుకోమంది. ఫోన్ రెండు చేతులతో పట్టుకో, కాలవలో పడితే ఇక అంతే అంది.

అమ్మకి అన్నీ భయాలే అనుకుంది హేమశ్రీ.

ఆ ఫోన్‌లో స్టెబిలైజేషన్ ఉంది. చెయ్యి వణికినా ఫొటో చెదరదని షాపతను చెప్పాడు. వారం రోజులుగా హేమశ్రీ కాలవగట్టు మీద నడుస్తూ, ఒంటికాలి మీద గెంతుతూ కూడా ఫొటోలు తీసింది. అన్నీ బాగానే వచ్చాయి. ఐదో తరగతిలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు.

ఆ రోజు లారీ ఎక్కబోయేది కాగితం పూల చెట్టు. పెద్ద సిమెంటు కుండీలో మనిషి కంటే ఎత్తుగా ఉంటుంది. ఒక్క చెట్టుకే మూడు రంగుల పూలు. పదమూడేళ్ల కిందట దానికి ఆ రంగుల కొమ్మలు అంటుకట్టింది పెద్దింట్లమ్మ. నర్సరీలో పనిచేసేవాళ్లందరిలోకీ ఆమే పెద్దది. దానికి రోజూ నీళ్లు పెట్టిందీ, పురుగు పడితే ఆకు ఆకూ తుడిచిందీ కూడా ఆమే. ఇప్పుడది బెంగళూరు వెళ్లిపోతోంది.

పెద్దింట్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ హేమశ్రీ దగ్గరకి వచ్చింది.

"అమ్మలూ, నాకూ చెట్టుకీ కలిపి ఒక ఫొటో తీసిపెడతావా? ఇన్నేళ్లలో ఒక్కటీ లేదు."

"ఓ, తీస్తాను మామ్మా. నాలుగింటికి వస్తాను."

నాలుగింటికి ఎండ చక్కగా ఉంది. పెద్దింట్లమ్మ ముడి సరిచేసుకుని చెట్టు పక్కన నిలబడింది. హేమశ్రీ మాత్రం పక్కింటి సారికతో పోటీలో ఉంది. ఊయల ఊగుతూ ఎవరు బాగా ఫొటో తీస్తారా అని పోటీ. రామతులసి రెండుసార్లు వచ్చి, ఆవిడ నిలబడే ఉంది, పొద్దు వాలితే ఫొటో రాదేమో అని చెప్పింది.

"స్టెబిలైజేషన్ ఉందిగా అమ్మా. చీకటి పడినా వస్తుంది."

క్రేన్ చప్పుడు వినబడ్డాక గాని హేమశ్రీ ఊయల దిగలేదు. వెళ్లేసరికి చెట్ల కింద మసక కమ్మేసింది. మనుషులు కుండీకి తాళ్లు కడుతున్నారు. పెద్దింట్లమ్మ ఒక కొమ్మని నిమురుతూ చెట్టు వైపు తిరుగుతోంది. హేమశ్రీ ఒంటిచేత్తో ఫోన్ ఎత్తి, నవ్వు మామ్మా అంటూనే నొక్కేసింది.

"బాగా వచ్చిందా అమ్మలూ?"

"సూపర్‌గా వచ్చింది." ఆ మాట అన్నప్పుడు హేమశ్రీ ఫోన్ వైపు చూడనేలేదు.

చెట్టు గాల్లోకి లేచి లారీలోకి దిగింది. పెద్దింట్లమ్మ గేటు దాకా నడిచి, లారీ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

మర్నాడు పొద్దున్న బడికి బయల్దేరుతుంటే ఆమె వచ్చి ఫొటో చూపించమంది. హేమశ్రీ తీసి చూపించింది.

చెట్టు ఎంత బాగా వచ్చిందో. మూడు రంగులూ విడివిడిగా తెలుస్తున్నాయి. లారీ నెంబరు కూడా చదవచ్చు. పెద్దింట్లమ్మ ముఖం ఉండాల్సిన చోట మాత్రం పొగలాంటి మరక.

ఆమె ఫోన్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. మళ్లీ దూరంగా పెట్టి చూసింది.

"చెట్టు బాగా వచ్చింది. నేనే రాలేదు," అంది. తరువాత, "పోనీలే అమ్మలూ," అని నీళ్ల పైపు అందుకుని వెళ్లిపోయింది.

తిట్టినా బాగుండేది. హేమశ్రీ ఫోన్ పట్టుకుని ఇంట్లోకి వెళ్లింది.

నాన్న హరిబాబు ఫొటో చూసి సంగతి చెప్పాడు. "మన చెయ్యి వణికితే అది సర్దుతుంది. ఎదుటి మనిషి కదిలితే ఏం చేస్తుంది? వెలుతురు తక్కువైతే ఫొటో పడటానికి ఎక్కువ సేపు పడుతుంది. అంతసేపూ ఆవిడ కదలకుండా ఉండాలి."

"నాలుగింటికి తీసుంటే?"

"వచ్చేసేది."

"లారీని వెనక్కి రమ్మందాం నాన్నా."

"ఈపాటికి నెల్లూరు దాటేసి ఉంటుందమ్మా."

నేను ముందే చెప్పానుగా అని అమ్మ అంటుందనుకుంది హేమశ్రీ. రామతులసి మాత్రం క్యారేజీ మూత పెట్టి, కూతురి తల నిమిరింది.

ఆ రోజు బడి వదలగానే హేమశ్రీ నాన్న దగ్గర ఫోన్ తీసుకుని, భుజాన బ్యాగుతోనే పరుగెత్తింది. ఎండ ఇంకా ఉంది.

"మామ్మా, ఇప్పుడు తీస్తాను. ఏ చెట్టు పక్కన నిలబడతావు?"

పెద్దింట్లమ్మ పక్కనే విరగబూసిన గులాబీల వైపు చూడలేదు. నేల మీద కుండీ గుండ్రటి గుర్తు ఇంకా అలాగే ఉంది. వెళ్లి దాని పక్కన నిలబడింది. "ఇక్కడే తియ్యి," అంది.

హేమశ్రీ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది. మోచేతులు నీళ్లతొట్టి గోడకి ఆనించింది.

"నేను చెప్పేదాకా కదలకు మామ్మా."

తీశాక ఆమెని పోనివ్వలేదు. వేళ్లతో ఫొటో పెద్దది చేసి చూసింది. కళ్లు మూసుకున్నావు, ఇంకోటి తీస్తాను అంది. అది కూడా నచ్చలేదు. మూడోసారి బాగా వచ్చింది. ముడతలూ, చెంప మీద మట్టి మరకా కూడా కనిపిస్తున్నాయి. ఒక చెయ్యి మాత్రం, నిన్నటిదాకా కొమ్మ ఉన్నంత ఎత్తులో, గాలిలో ఆగి ఉంది.

"ఇవాళ నేనొచ్చాను," అంది పెద్దింట్లమ్మ, ఫోన్‌లోకి చూస్తూ. చెట్టు మాట ఎత్తలేదు.

హేమశ్రీ తలెత్తి పొద్దు ఎంత ఉందో చూసింది.

"మామ్మా, రేపు లారీ ఎక్కే చెట్లు ఏవి? వాటిని పెంచినవాళ్లు ఎవరు?"

పెద్దింట్లమ్మ అవతలి కుండీల వైపు వేలు చూపించింది. ఎండ తగ్గకముందే హేమశ్రీ అటు నడిచింది, ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని.