ఏడో నంబరు బెల్టు

ఆ సాయంత్రం తన ప్రాణాన్ని మోయాల్సిన జిప్‌లైన్ బెల్టును ఎవరో లోపలి వైపు నుంచి బ్లేడుతో ముప్పాతిక వంతు కోసి, కోత కనపడకుండా నల్లటేపు అంటించి పెట్టారని ముందు ఇందిర వేళ్లు కనిపెట్టాయి. కళ్లు ఆ తర్వాత చూశాయి.

బెల్టు మీద తెల్లరంగుతో ఏడో నంబరు. అది టూర్ మేనేజర్‌ది. అంటే తనది.

కొండ కొసన కట్టిన చెక్క ప్లాట్‌ఫారం పక్కన చిన్న షెడ్డు, అందులో కొక్కేలకు వరసగా బెల్టులు. ప్లాట్‌ఫారం అంచు నుంచి ఉక్కు తీగ బయల్దేరి, దట్టమైన అడవి నెత్తి మీదుగా, కొబ్బరి తోపు దాటి, కింద తెల్లటి ఇసుక బీచ్ దాకా దిగుతుంది. సగం దూరం పోయాక తెగే కోత అది. చంపే పని చేతనైన వాళ్లు కోసిన కోత.

ఇందిర టేపును మళ్లీ ఉన్నచోటే ఒత్తింది. ఏడో నంబరును ఏడో కొక్కేనికే తగిలించింది. పొద్దున్నే తనిఖీకని ఇద్దరూ కొండెక్కారు. బయట రేష్మా తీగను లాగి చూస్తోంది. పొడవాటి మనిషి, ఎండకు కాలిన రంగు, చూపు తిప్పుకోనివ్వని నవ్వు. రిసార్టులో ఆమె డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో మాత్రం డబుల్ ఏజెంట్. ఇటు జీతం, అటు కూడా జీతం.

"అంతా ఓకేనా?" అంది రేష్మా.

"ఓకే" అంది ఇందిర.

కొండ దిగేటప్పుడు ఒక మలుపు దగ్గర వెనకబడి, చెవిలోని మైక్రోఫోన్‌ను వేలితో తట్టింది.

"ప్రభ కాలింగ్. నా బెల్టు కోశారు."

"త్రికూటం." అవతలి గొంతులో గాభరా లేదు. "నీ నంబరు ఎవరెవరికి తెలుసమ్మా?"

"రేష్మాకి. నిన్న మీకు చెప్పాను."

"అయితే రేష్మానే. ఢిల్లీలో ఉన్నోణ్ణి, నేనొచ్చి కొయ్యలేను గదా."

ఇందిర నవ్వింది. చావు అంచున నిలబడ్డ వాళ్లను కూడా నవ్వించగలడు అమరేశ్వరరావు.

ఆయన ఆమెకు చీఫ్. అంతకన్నా ముందు బాబాయ్. ఇద్దరిదీ పల్నాట్లో దుర్గి ఊరు. శిల్పాలు చెక్కే తండ్రి పోయాక ఆమెను నరసరావుపేటలో చదివించింది ఆయనే, డిపార్ట్‌మెంట్‌కు తీసుకొచ్చిందీ ఆయనే. ప్రతి శివరాత్రికీ ఢిల్లీ నుంచి దిగి ఆమెను కోటప్పకొండ ఎక్కించేవాడు. మెట్ల మీద జనం "చేదుకో కోటయ్యా!" అని కేక పెడితే, బావిలోంచి బొక్కెన చేదినట్టు ఆమె చెయ్యి పట్టి పైకి లాగుతూ "చేదుకొని మమ్మేలుకోవయ్యా!" అని జవాబిచ్చేవాడు. కాల్ సైన్లు కూడా అక్కడివే. కొండ పేరు త్రికూటం ఆయనది, తిరనాళ్లలో ఊరేగే ప్రభ ఆమెది.

వారం కిందట విజయపురి సౌత్‌లోని ఒక గెస్ట్‌హౌస్‌లో బ్రీఫింగ్ జరిగింది. కిటికీలోంచి కృష్ణా నది, దాని మీద డ్యామ్ కనపడుతున్నాయి. ఎగువ నుంచి వరద దిగుతోంది.

"డ్యామ్ గేట్ల మాస్టర్ కీ పోయింది" అన్నాడు అమరేశ్వరరావు. "బొటనవేలంత ఉంటది. దాని స్థానంలో నకిలీ పెట్టిపోయారు. అసలుది చేతిలో ఉంటే ప్రపంచంలో ఏ మూల నుంచైనా గేట్లన్నీ ఒక్కసారే ఎత్తొచ్చు."

"సిస్టమ్ మార్చెయ్యొచ్చుగా?"

"మార్చాలంటే మొత్తం ఆపాలి. ఇంత వరదలో ఆపితే డ్యామే ఆగదు. విదేశీ ముఠా ఒకటి దాన్ని కొంటోంది. డెలివరీ అండమాన్‌లో ఒక దీవి మీద. నరసరావుపేట నుంచి పురుగుమందుల డీలర్లను కంపెనీ టూర్ తీసుకెళ్తోంది. వాళ్ల సామాన్లో పోతోంది కీ. ఎవడి దగ్గరుందో తెలీదు. కొండ మీద చేతులు మారుతుంది. అందుకునేది రేష్మా."

"ఆర్డర్స్?"

ఆయన ఆమెకొక సెల్ఫీ స్టిక్ ఇచ్చాడు. మొదటి బటన్ నొక్కితే ఫొటో. రెండోది నొక్కితే విషపు ముల్లు.

"నేను బీప్ ఇస్తా. ఎందుకని అడక్కు. కాల్చు."

ఆమె అడగలేదు. ఎప్పుడూ అడగలేదు.

* * *

ఆ దీవి అసలు పేరు నోరు తిరగక డీలర్లు దాన్ని కొబ్బరి దీవి అన్నారు. రెండ్రోజులుగా బీచ్‌లో లుంగీలెగ్గట్టి అలలతో పోట్లాడారు. కయాక్‌లు తిరగేశారు. రిసార్టు వాళ్ల కూరలో కారం లేదని వంటవాడి ముందే పచ్చళ్ల డబ్బాలు విప్పారు. మూడో రోజు, ఆ తనిఖీ అయ్యాక, మధ్యాహ్నం ట్రెక్కింగ్. కొండెక్కి సూర్యాస్తమయం చూసి, జిప్‌లైన్ మీద దిగడం.

ముందు రేష్మా, వెనక డీలర్లు, చివర ఇందిర. రిసార్టులోనే దిగిన మిస్టర్ ఫెర్నాండో కూడా వాళ్లతో కలిశాడు. కొలంబో నుంచి పక్షుల్ని చూడటానికి వచ్చాడట. రోజూ తెల్లారకముందే ఒక్కడే కొండెక్కి వస్తుంటాడు. నెరిసిన గడ్డం, నల్ల కళ్లద్దాలు, వంగిన నడుము, మెళ్లో బైనాక్యులర్స్. గొంతుకు ఆపరేషన్ అయిందని ఇంగ్లిష్‌లో గుసగుసగా మాట్లాడతాడు.

దారి పొడవునా తడి ఆకుల వాసన. కాళ్ల కింద వేర్లు పాముల్లా అడ్డం పడుతున్నాయి.

"ఒరేయ్ మహేషూ, బీచ్ బీచ్ అని తీసుకొచ్చి కొండలెక్కిత్తన్నారేందిరా?" మాచర్ల డీలర్ వీరాంజనేయులు రొప్పుతున్నాడు.

"నడువు బాబాయ్. పొట్ట తగ్గుద్ది" అన్నాడు గురజాల మహేష్.

"పొట్ట సంగతి దేవుడెరుగు, ఊపిరి తగ్గేట్టుంది. మన పొలాల్లో ఈ పచ్చదనంలో పావలా వంతు ఉన్నా చాలురా."

"ఉంటే నీ మందులెవడు కొంటాడు?"

ఇందిర ఆయన భుజాన వేలాడుతున్న సంచి చూసింది. "బరువుగా ఉన్నట్టుంది, ఇటివ్వండి. నేను మోస్తా."

"వద్దు మేడమ్." వీరాంజనేయులు సంచిని పొట్టకు హత్తుకున్నాడు. "గోంగూర పచ్చడి. దాన్ని పరాయి చేతికియ్యం."

పచ్చడి డబ్బా అంత బరువుండదు.

ఫెర్నాండో ఏదో పక్షి కోసమని చెట్ల వెనక ఆగిపోయాడు. కాసేపటికి ఆమె చెవిలో త్రికూటం పలికింది.

"రేష్మాకి దగ్గరగా ఉండు. అందుకునే ముందే పడిపోవాలి. నీకేమైనా అయితే నేను తట్టుకోలేను అమ్మాయ్. జాగ్రత్త."

ఆ చివరి మాట విని ఆమె సెల్ఫీ స్టిక్‌ను నడుముకు దోపుకుంది.

చివరి భాగం నిట్టనిలువు రాయి. పట్టుకోవడానికి మోకు వేలాడదీశారు. ముందు వాళ్లంతా ఎక్కేశారు. తర్వాత వీరాంజనేయులు, ఆయన వెనక ఇందిర, ఆమె కింద ఫెర్నాండో. సగంలో వీరాంజనేయులు చెయ్యి జారింది. మనిషి గాల్లో ఊగాడు. పల్నాటి మనిషి ఎత్తు మీద భయపడితే ఏం చేస్తాడో ఆయనా అదే చేశాడు. గొంతు చించుకున్నాడు.

"చేదుకో కోటయ్యా...!"

ఆ ఊపుకు మోకు అదిరింది. కింద ఫెర్నాండో కాలు జారింది. అతని నోట్లోంచి ఒక కేక పెళ్లున బయటికొచ్చింది.

"చేదుకొని మమ్మేలుకోవయ్యా...!"

గుసగుస లేదు. ఇంగ్లిష్ లేదు. కొలంబో లేదు.

ఇందిర తల తిప్పలేదు. తిప్పాల్సిన అవసరం లేదు. ఆ గొంతు ఎన్నో శివరాత్రులు ఆమెను చెయ్యి పట్టి పైకి లాగింది. ఫెర్నాండో పక్షి కోసమని వెనకబడగానే త్రికూటం ఎందుకు మాట్లాడిందో అప్పుడర్థమైంది. రోజూ తెల్లారకముందే అతను ఒక్కడే కొండెందుకు ఎక్కాడో కూడా.

నవ్వించిన మాట గుర్తొచ్చింది. 'నేనొచ్చి కొయ్యలేను గదా.'

ఏడుపు రాలేదు. అరచేతులు మాత్రం మోకు మీద మంటెత్తాయి. ఆమె పైకెక్కింది.

* * *

సూర్యుడు సముద్రం మీదకు వాలుతున్నాడు. సముద్రంలో రాతి దిబ్బలకు అవతల తెల్లని యాట్ ఒకటి లంగరేసి ఉంది. కింద బీచ్‌లో, జిప్‌లైన్ దిగేచోట, స్పీడ్‌బోట్ ఇంజన్ ఆపకుండా నిలబడింది.

డీలర్లంతా ఫోన్లెత్తి ఫొటోలు తీస్తున్నారు. వీరాంజనేయులు సంచిలోంచి నల్లరాతి నంది బొమ్మ తీశాడు. దుర్గి పనితనం.

"పచ్చడన్నావు గదా బాబాయ్?" అన్నాడు మహేష్.

"నీకు చెప్తే ఊరంతా చెప్తావని. బస్సు కాడ కంపెనీ ఆయన ఇచ్చాడు. దీవిలో ఫారిన్ దొరకి ఇస్తే వచ్చే ఏడు సింగపూర్ టూరంట." నందిని ఫెర్నాండో చేతిలో పెట్టాడు. "తెలుగొచ్చా దొరా? ఇందాక కోటయ్యనన్నారు."

నంది ఫెర్నాండో బ్యాగులోకి పోయింది. అతని ఎడమ చెయ్యి ప్యాంటు జేబులోకి పోయింది.

ఇందిర చెవిలో పొడుగాటి బీప్.

అదే క్షణాన ఎదురుగా రేష్మా చెయ్యి తన చెవి మీదకు వెళ్లింది. రెండో చేతిలోని వాటర్‌ప్రూఫ్ టార్చ్ లేచింది. అది వెలుతురిచ్చే టార్చ్ కాదని ఇందిరకు తెలుసు. గురి తన గొంతు మీద ఉంది. తన చేతిలో సెల్ఫీ స్టిక్. రెండో బటన్ మీద బొటనవేలు.

ఇందిర స్టిక్‌ను కింద పడేసింది.

"నీకూ బీప్ వచ్చిందా?"

రేష్మా వేలు ఆగిపోయింది.

"నా గురించి చీఫ్ నీకేం చెప్పాడు?" అంది ఇందిర. "అమ్ముడుపోయానన్నాడా? కీ అందుకునేది నేనేనన్నాడా?"

"...అవును."

"నాకు నీ గురించి చెప్పాడు. అవే మాటలు."

టార్చ్ మెల్లగా కిందికి దిగింది. రేష్మా మొహంలోంచి నవ్వు మొదటిసారి పోయింది.

అప్పటికే ఫెర్నాండో ప్లాట్‌ఫారం మీదున్నాడు. "బెల్ట్, ప్లీజ్!" మళ్లీ ఆ గుసగుస. "క్విక్!"

ఇందిర షెడ్డులోకి వెళ్లింది. ఒక బెల్టు తీసుకొచ్చి రెండు చేతులతో అందించింది, ప్రసాదం అందించినట్టు.

తెల్లరంగు అంకె అతనికి కనపడింది. ఏడు.

చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది. కింద స్పీడ్‌బోట్ హారన్ కొట్టింది.

"వేరేది ఇవ్వు" అన్నాడు.

"ఏం, ఇది బాగోలేదా?"

"వేరేది!"

"కట్టుకో బాబాయ్." ఆమె బెల్టును ఇంకాస్త ముందుకు చాపింది. "నువ్వు కొయ్యకపోతే కట్టుకో. నువ్వు కాదని కట్టుకుని చూపించు. నేనే చెయ్యి పట్టుకుని దింపుతా."

గాలికి బెల్టు ఊగింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. వెనక నుంచి రేష్మా టార్చ్ అతని మెడకు ఆనింది. రెండో చేత్తో బ్యాగు లాక్కుని, వైర్‌లెస్‌లో కోస్ట్‌గార్డ్‌ను పిలిచింది. తీగ మీద ఎవరూ రాకపోయేసరికి స్పీడ్‌బోట్ యాట్ వైపు పరుగు తీసింది. దిబ్బల చాటునుంచి కోస్ట్‌గార్డ్ వాళ్ల బూడిదరంగు పడవ రెండింటికీ అడ్డం వచ్చింది.

ఇందిర నందిని బండ మీద పగలగొట్టింది. బొటనవేలంత కీ దొర్లి బయటపడింది.

"అయ్యో మేడమ్! నా సింగపూరు!" అన్నాడు వీరాంజనేయులు.

అమరేశ్వరరావు నల్ల కళ్లద్దాలు తీశాడు. గడ్డం పీకి పక్కన పడేశాడు. వంగిన నడుము నిటారుగా అయింది. బల్ల మీద కూర్చుని, ఊళ్లో రచ్చబండ మీద కూర్చున్నంత తీరిగ్గా ఆమె వైపు చూశాడు.

"కీ మార్చింది నేనే. బస్సు కాడ నందిని ఇప్పించింది నేనే. మీరిద్దరూ ఒకళ్లనొకళ్లు కాల్చుకుంటారనుకున్నా. మిగిలింది నువ్వయితే బెల్టు చూసుకుంటదిలే అనుకున్నా. చచ్చిన ఏజెంట్ మీద ఫైలు మూయటం చానా తేలిక."

"డిపార్ట్‌మెంట్‌లో ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు?"

"చెప్తే ఎందుకని అడగనిది నువ్వొక్కదానివే. అట్టా పెంచింది నేనే గదా అమ్మాయ్."

ఆమె చేతిలో బెల్టు బరువెక్కింది. "ఏమిస్తామన్నారు?"

"దీవి. ఇట్టాంటిదే, ఇంకొంచెం చిన్నది. రాళ్ల మధ్య పుట్టినోణ్ణి. ఏ చెట్టుకిందో పడుకుని సముద్రం చూస్తా పోదామనుకున్నా."

"మన ఊళ్లు మునిగిపోతే?"

"అక్కణ్ణించి కనపడవు గదా."

ఆయన మోకు వేలాడుతున్న రాయి వైపు చూసి తల ఆడించాడు.

"గడ్డం మార్చా. పాస్‌పోర్టు మార్చా. గొంతు మార్చా. సర్వీసంతా ఎవడికీ దొరకలా నేను. ఎత్తు మీద కాలు జారంగానే ఈ దిక్కుమాలిన నోరు కోటయ్యని పిలిచింది. పిలిస్తే ఆయన ఊరుకుంటాడా? చేదుకున్నాడు."