ఈరమ్మ మంచం పక్క గోడ

తొండుపల్లిలో మొగులయ్య ఇంటి మీదుగా విమానం దిగుతుంటే నోట్లో మాట నోట్లోనే ఆపుకోవాలి. వాళ్లమ్మ ఈరమ్మకు కంటి మీద కునుకు ఉండేది కాదు. అందుకే నరసరాజును పిలిపించారు. చప్పుడును పీల్చేసే పలకలు చేసి గోడలకు బిగించడం ఆయన పని. చప్పుడు కొలిచే మీటరులో అంకె ఇంకాస్త దిగితే ఆ రోజు ఆయనకు పండగే.

గోడకు కొంచెం ఎడంగా చట్రం, అందులో దూదిలాంటి రాక్‌వూల్, పైన చిల్లుల రేకు, తలుపు చుట్టూ రబ్బరు. కోడలు ప్రేమలత ఒక్కటే అడిగింది. అత్తమ్మకు గొంతు లేవదు, ఏం కావాలన్నా మంచం పక్క గోడ మీద కర్రతో కొడుతుంది, పక్క గదిలోకి అదే వినబడుతుంది, ఆ కాస్త గోడ వదిలేయమంది. సరేనన్నాడు. తీరా చూస్తే అంకె దిగలేదు. ఆ బోడి గోడ ఆయనకు కంట్లో నలుసైంది. పలక మీద కొట్టినా వినబడుతుందని చెప్పి కప్పేశాడు. కొట్టి చూడనైనా లేదు.

ఈరమ్మ కొన్నాళ్లు హాయిగా నిద్రపోయింది. ఒక తెల్లవారుజామున చూస్తే ప్రాణం లేదు. చేతిలో కర్ర ఉంది.

దినాలయ్యాక పలకలు తీసేయమని కబురొచ్చింది. ఒక సాయంత్రం నరసరాజు ఒక్కడే వచ్చాడు. గదిలో ఇంకా నొప్పుల నూనె వాసన. ఒక్కో పలకా ఊడదీస్తూ మంచం పక్కకు వచ్చి ఆగిపోయాడు. ఆ రేకు నిండా సొట్టలు. ముసలామె ఎంతసేపు కొట్టిందో... సిగ్గుతో, భయంతో దాన్ని బోర్లించి నేలమీద పెట్టాడు.

గోడలన్నీ బోడిగా మిగిలాయి. కిటికీలోంచి విమానం దిగుతూ కనబడింది. అద్దాలు వణికాయి.

చప్పుడు లేదు.

మొగులయ్య గుమ్మంలోకి వచ్చాడు. "ఆ రాత్రి మొద్దు లెక్క పండుకున్న సారూ. అమ్మ కొట్టే ఉంటది. నేనే ఇనలే."

నరసరాజు ఇక దాచలేకపోయాడు. తప్పు నాది, కొట్టి చూడకుండానే ఆ గోడ నేనే కప్పేశానని చెప్పేశాడు.

"ఏమన్నరు సారూ? పెదవులు ఆడుతున్నయి, మాట వస్తలేదు."

మళ్లీ చెప్పాడు. మొగులయ్య అయోమయంగా చూశాడు. నరసరాజు మంచినీళ్లు అడిగితే మాత్రం మాట శుభ్రంగా వచ్చింది. నీళ్లు తాగి మళ్లీ ప్రయత్నించాడు... లేదు.

కారెక్కి పారిపోయినట్టే బయల్దేరాడు. దారిలో భార్య కామాక్షి ఫోన్ చేసింది. వంకాయ కూర చేశానంటే సరేనన్నాడు. ఆమెకైనా చెప్పుకుందామని ఆ మాట ఎత్తాడు. "ఏమండీ, లైన్లో ఉన్నారా?" అంటూ ఆమె పెట్టేసింది.

ఆరాంఘర్ చౌరస్తా దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. చుట్టూ హారన్ల గోల. అద్దాలు ఎక్కించుకుని, స్టీరింగు మీద తల ఆనించి, ఏడుస్తూ ఇంకొక్కసారి అన్నాడు.

"ఆ గోడ నేనే కప్పేశాను."

తన గొంతు తనకే వినబడలేదు.

వెనక సీట్లోంచి, చాలా నీరసంగా...

"జర గట్టిగ చెప్పు బిడ్డా. ఇనవడ్తలేదు."