ఏడో పాఠం కింద ప్రశ్న

"తర్వాతి పేరా నువ్వు చదువు," అన్నారు సైన్స్ సార్ నా వైపు చూసి.

లేచి నిలబడ్డాను. నా చేతిలో పుస్తకం లేదు. ఆ ఏడాది ఎనిమిదో తరగతికి సైన్స్ పుస్తకాలు సరిపడా రాలేదు. ఇద్దరికి ఒకటి చొప్పున పంచారు. పంచడం అయ్యాక నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని ముందు బెంచీ అమ్మాయి భుజం మీదుగా తొంగి చూస్తూ చదవాలి.

ఆ అమ్మాయి భుజం కదిలింది. నేను ఒక వరుస వదిలేసి కింది వరుసలోకి జారిపోయాను. వాక్యం తల ఒకచోట, తోక ఒకచోట అయింది.

"డౌటుకి చదవడం కూడా రాదురోయ్," అన్నాడు వెనక బెంచీలో ఒకడు.

క్లాసంతా నవ్వింది.

డౌటు అంటే నేనే. మూడు నెలల కిందట, ఈ ఊరికి కొత్తగా వచ్చిన వారంలో, "ఉప్పు నీళ్ళలో కరిగిపోయాక ఎక్కడుంటుంది సార్?" అని అడిగాను. సార్ నోరు తెరిచేలోపే ఎవరో "అత్తారింట్లో" అన్నారు. గంట కొట్టేదాకా ఆ నవ్వు ఆగలేదు. సార్ కూడా చాక్‌పీస్ పట్టుకున్న చెయ్యి అడ్డం పెట్టుకుని కొంచెం నవ్వారు. ఆ పేరు నాకు అతుక్కుపోయింది. ఆ రోజు నుంచి నేను క్లాసులో చెయ్యి ఎత్తలేదు.

మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ గుంపులు గుంపులుగా అన్నాలకు కూర్చున్నారు. గుంపులో చేరాలంటే ఎవరో ఒకరు కొంచెం జరగాలి. ఎవరూ జరగలేదని చెప్పను. జరగమని నేనే అడగలేదు.

గబగబా తినేసి లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ మూడు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకటి పనిచేస్తుంది. ఒకటి పనిచేస్తున్నట్టు నటిస్తుంది. మూడోది నటించడం కూడా మానేసింది. నేను మొదటిదాని ముందు కూర్చుని కెమిస్ట్రీ పుస్తకం తెరిచాను.

అది నెట్‌లో ఉండే పుస్తకం. కొందరు టీచర్లు కలిసి తెలుగులో రాసి పెట్టారు. పుస్తకాలు చాల్లేదని తెలిసిన రోజే సార్ దాని అడ్రసు ల్యాబ్ బోర్డు మీద రాశారు. "దీనికి డబ్బులు కట్టక్కర్లేదు. ఎవరైనా చదువుకోవచ్చు," అన్నారు. ఆ సాయంత్రమే అటెండర్ తాత బోర్డు తుడిచేశాడు. మా క్లాసు వాళ్ళు అంతకంటే ముందే మర్చిపోయారు.

నేను మర్చిపోలేదు. ఆ పుస్తకంలో అణువులు బొమ్మల్లో కదులుతాయి. అర్థం కాకపోతే వీడియో వెనక్కి తిప్పి ఎన్నిసార్లైనా చూడొచ్చు. అది విసుక్కోదు. ప్రతి పాఠం చివర ఒక పెట్టె ఉంటుంది. అందులో ఎవరైనా ప్రశ్న అడగొచ్చు, తెలిసినవాళ్ళు జవాబు రాయొచ్చు. పేరు చెప్పక్కర్లేదు. ఆ పుస్తకమే ఒక నంబరు ఇస్తుంది. నా నంబరు 57.

ఆ పెట్టెల్లో ఎక్కువగా కనిపించేది చదువరి 41.

"యాసిడ్ సీసా మూత తీస్తే పొగ వస్తోంది. నిప్పు లేకుండా పొగ ఎలా వచ్చింది?" అని ఒకచోట అడిగారు. "గాజు వేడికీ పగులుతుంది, చల్లదనానికీ పగులుతుంది. మరి దానికి ఏది ఇష్టం?" అని ఇంకోచోట.

జవాబులు రాసినవాళ్ళు తక్కువ. కొన్నిటికి జవాబు నాకు తెలుసు. అయినా రాయలేదు. ఊరికే చదివి నవ్వుకునేదాన్ని. ఎక్కడో దూరపు ఊళ్ళో నా వయసు అమ్మాయి ఒకతె ఉందనీ, ఆమెకీ పక్కన ఎవరూ లేరనీ ఊహించుకున్నాను. రోజూ ఆ నంబరు కనిపిస్తే, ఎవరో కొంచెం జరిగి నాకు చోటిచ్చినట్టు ఉండేది.

ఆ రోజు ఏడో పాఠం కింద 41 ప్రశ్న ఉంది.

"మైలుతుత్తం కాలిస్తే తెల్లపొడి అవుతోంది. ఆ పొడి మీద నీళ్ళు పడగానే మళ్ళీ నీలం అవుతోంది. పంపు నీళ్ళలో ఏమైనా ఉందా? దయచేసి చెప్పండి."

మైలుతుత్తం అంటే ఏమిటో నాకు తెలియలేదు. వెతికితే కాపర్ సల్ఫేట్ అని వచ్చింది. ఈ ప్రశ్నకు జవాబు ఆ పాఠంలోనే ఉంది. ఆ సంగతి చూడగానే పొద్దుటి నవ్వు నా చెవుల్లో మళ్ళీ మోగింది. నా వేళ్ళు వాటంతట అవే నడిచాయి.

"ఇది ఏడో పాఠం మూడో పేరాలోనే ఉంది. చదవడం రానివాళ్ళు ఇక్కడికి ఎందుకు వస్తారు?"

పంపించు అన్న చోట నొక్కాను. ఒక్క నిమిషం ప్రాణం తేలిక పడింది. నా నెత్తి మీద మూటను ఇంకెవరి నెత్తికో ఎత్తి, నడిచి వచ్చేసినట్టు అనిపించింది.

మర్నాడు 41 నుంచి ఏమీ లేదు. ఆ మర్నాడూ లేదు. పాఠాలన్నీ వెతికాను. కొత్త ప్రశ్న ఒక్కటీ లేదు. నేను రాసింది తీసేద్దామని చూశాను. గంట దాటితే తీయడం కుదరదట. నా వాక్యం అక్కడే ఉంది. దాని కింద ఖాళీ. చూసిన కొద్దీ ఆ ఖాళీ పెద్దదైనట్టు ఉంది.

సాయంత్రం అమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. అమ్మ బస్టాండులో ఎంక్వైరీ కిటికీ దగ్గర పనిచేస్తుంది. ఆ ఉద్యోగం కోసమే మేమిద్దరం ఈ ఊరు వచ్చాం.

"అమ్మా, రోజూ మాట్లాడేవాళ్ళు ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తే ఏంటి అర్థం?"

"ముందు నువ్వేమన్నావో చెప్పు," అంది అమ్మ, తల ఎత్తకుండానే.

"నేనేదో అన్నానని నీకెవరు చెప్పారు?"

"నీ మొహం చెప్పింది."

మడత పెట్టిన బట్టలు పక్కకి జరిపాను. తర్వాత అడిగాను. "నీ కిటికీ పైన బస్సుల టైమ్ బోర్డు ఉంది కదా. అయినా వచ్చి అడిగితే నీకు కోపం రాదా?"

"ఎందుకు రాదు? మొదట్లో బోర్డు చూడలేదా అనేదాన్ని." అమ్మ చొక్కా తిరగేసింది. "ఒకసారి ఒకామెని అలాగే అన్నాను. సరేనమ్మా అని వెళ్ళిపోయింది. ఆమె అసలు అడగాలనుకున్నది టైము కాదు. ఆ బస్సులో ఆక్సిజన్ సిలిండర్ ఎక్కించుకుంటారా అని. తర్వాత కండక్టర్ చెప్పాడు."

"మరి ఆమె?"

"తెలీదు. వెళ్ళిపోయిందిగా."

ఇస్త్రీపెట్టె కింద నీటి చుక్క చుయ్యిమంది.

శుక్రవారం ల్యాబ్‌లో మా సెక్షన్ వంతు వచ్చింది. సార్ నీలం పలుకుల్ని టెస్ట్‌ట్యూబుల్లో వేసి వేడిచేసి చూపించారు. అవి తెల్లపొడి అయ్యాయి. పక్క సెక్షన్ వాళ్ళు కిందటి వారమే చేశారట. సార్ పరీక్షలో వచ్చే ప్రశ్న ఒకటి చెప్పి రాసుకోమన్నారు. గంట కొట్టింది. అందరూ బయటికి పరిగెత్తారు.

నాకు తొందర లేదు. నాకోసం బయట ఎవరూ ఆగరు. బ్యాగు మెల్లగా సర్దుకుంటున్నాను.

వెనక సింక్ దగ్గర అటెండర్ తాత టెస్ట్‌ట్యూబులు కడగడానికి వచ్చాడు. చెయ్యి దగ్గర పెట్టి, చల్లారాయో లేదో చూసుకున్నాడు. ఒకదాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని, పంపు సన్నగా తిప్పి, ఒక్క చుక్క పడనిచ్చాడు.

తెల్లపొడిలో ఒక నీలం మచ్చ పుట్టింది. తాత దాన్ని అలాగే చూస్తూ నిలబడ్డాడు. కడగాలన్న ధ్యాసే లేదు.

"భలే ఉంది కదా తాతా," అన్నాను.

తాత ఉలిక్కిపడి నవ్వాడు. "ఇంకా వెళ్ళలేదా తల్లీ? ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నా ఈ మైలుతుత్తం ఆట. ప్రతి ఏడూ కొత్తే."

మైలుతుత్తం.

నా చేతిలో బ్యాగు జిప్పు సగంలో ఆగిపోయింది.

"ఎందుకలా అవుతుందో ఎవరినీ అడగలేదా తాతా?"

"అడిగా. సార్ బోర్డు మీద రాశారే, కంప్యూటర్ పుస్తకం, ఎవరైనా చదవొచ్చన్నారు. తుడిచే ముందు చీటీ మీద రాసుకున్నా. సాయంత్రాలు ల్యాబ్ కంప్యూటర్లో చదివేవాణ్ణి." తాత ఆ ట్యూబుని నిండా నీళ్ళతో నింపాడు. నీలం పలచబడి సింక్‌లోకి జారిపోయింది. "మనలాంటివాళ్ళకి కాదులే అది. గొట్టం తెల్లగా వచ్చిందా లేదా, మన చదువు అంతవరకే."

అప్పుడే వెళ్ళిపోవచ్చు. తలుపు తెరిచే ఉంది. 57 ఎవరో లోకంలో ఎవరికీ తెలియదు. నేను తలుపు దాకా నడిచాను. అక్కడ కాళ్ళు ఆగాయి. ఇప్పుడు వెళ్ళిపోతే, తాత ఇక ఎప్పటికీ ఏమీ అడగడు. ఎందుకు అడగడో ఈ బడిలో నాకొక్కదానికే తెలుసు. చెయ్యి ఎత్తడం మానేసినవాళ్ళ సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

వెనక్కి వచ్చాను.

"తాతా, 57 నేనే."

తాత పంపు కట్టేశాడు. నా మొహం వైపు చూశాడు.

"ఆ రోజు క్లాసులో నన్నలాగే అన్నారు. మీ ప్రశ్న మీద ఆ కోపం చూపించాను. తప్పు నాది. మీ ప్రశ్నల కోసమే రోజూ లైబ్రరీకి వెళ్ళేదాన్ని."

"నువ్వా?" తాత తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "ఎవరో బాగా చదువుకున్నవాళ్ళనే అనుకున్నా. కోపంలో కూడా పాఠం నంబరు, పేరా నంబరు తప్పు పోలేదు."

నాకు నవ్వొచ్చింది. కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

"కానీ తల్లీ, ఆ పేరా నాలుగుసార్లు చదివా. అందులో మైలుతుత్తం మాటే లేదు."

గుర్తు తెచ్చుకున్నాను. నిజమే. అందులో ఉన్నవి "నిర్జల లవణం", "స్ఫటిక జలం" అన్న మాటలు. నేను బట్టీ పట్టిన మాటలు. బోర్డు ఉంది. కానీ తాత ఎక్కాల్సిన బస్సు పేరు దాని మీద లేదు.

ఇంకో ట్యూబు తీసుకున్నాను. "నీలం పలుకుల్లో నీళ్ళు కలిసి ఉంటాయి తాతా. వేడిచేస్తే ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. నీళ్ళతోపాటు నీలం కూడా పోతుంది. మళ్ళీ నీళ్ళు పోస్తే తిరిగి వస్తుంది. పంపులో వేరే ఏమీ లేదు." ఒక చుక్క వేశాను. నీలం పూసింది.

"అంటే ఆ రంగు మైలుతుత్తానిది ఒక్కదానిదే కాదన్నమాట," అన్నాడు తాత మెల్లగా. "పక్కన నీళ్ళుండాలి." మళ్ళీ కాసేపు ఆలోచించాడు. "మరి నీళ్ళు లోపలే ఉంటే, పలుకులు పొడిగా ఉంటాయేం? కాగితం మీద పోస్తే కాగితం తడవదే?"

ట్యూబుని ఎత్తి వెలుగులో చూశాను.

"తెలీదు తాతా."

"ఏడో పాఠంలో లేదా?" అన్నాడు, కళ్ళతో నవ్వుతూ.

"లేదు."

మర్నాడు మధ్యాహ్నం ఏడో పాఠం తెరిచి, నా వాక్యం కింద రాశాను. "41 గారూ, పై మాట రాసినందుకు క్షమించండి. మైలుతుత్తం సంగతి ఇదీ." తాతకు చెప్పినట్టే, ఆ మాటల్లోనే రాశాను. తర్వాత ఒకటో పాఠానికి వెళ్ళి, ఇన్నాళ్ళూ చూసీ వదిలేసిన ప్రశ్నల్లో నాకు తెలిసినవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాశాను. గంట కొట్టేసరికి నాలుగు జవాబులే అయ్యాయి.

సోమవారం మళ్ళీ ల్యాబ్. "ఎవరికైనా ఏమైనా అడగాలని ఉందా?" అన్నారు సార్, పుస్తకం మూసేస్తూ. ఆయన రోజూ అలాగే అంటారు. రోజూ ఎవరూ ఏమీ అడగరు.

నా చెయ్యి బరువుగా లేచింది.

"అదిగో, డౌటొచ్చింది," అన్నారెవరో. అటూ ఇటూ కిసకిసలు. చెయ్యి మాత్రం దించలేదు.

"సార్, మైలుతుత్తంలో..."

"మైలా? ఎన్ని మైళ్ళు?" అన్నాడు వెనక బెంచీవాడు. ఈసారి క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు తగ్గేదాకా నిలబడే ఉన్నాను.

"కాపర్ సల్ఫేట్ సార్. దాన్నే మైలుతుత్తం అంటారు. ఆ నీలం పలుకుల్లో నీళ్ళున్నాయి కదా. మరి కాగితం మీద పోస్తే కాగితం ఎందుకు తడవదు?"

సార్ నవ్వలేదు. చాక్‌పీస్ బల్ల మీద పెట్టి, నీలం సీసా వైపు చూశారు.

వెనక, సింక్ దగ్గర, టెస్ట్‌ట్యూబుల చప్పుడు ఆగింది.